పఠనము - స్వబుద్ధి



చదువు వచ్చిన కుఱ్ఱవాడు పెద్దల మాట వినడను నిందను మన రచ్చబండల యొద్ద తరచుగ వినుచుందుము. ఇందు కొంత నిజము లేకపోలేదు. చదువరి విన్నదానినెల్ల నమ్మడు; ఆధారమేమని యడుగును. ఆ ప్రశ్న గ్రామమునకు చేటో మేలో చరిత్రనే యడిగి చూతము.

1901వ సంవత్సరము సెప్టెంబరు 1వ తేదీన హైదరాబాదు నగరమున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసినది. కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు, రావిచెట్టు రంగారావుగారు, మునగాల రాజా నాయని వేంకటరంగారావుగారు దానికి మూలపురుషులు. నాడు నైజాము రాజ్యమున ప్రభుత్వ కార్యాలయముల వ్యవహారభాష ఉర్దూ. ఆ భాష యెఱుగని తెలుగు రైతు తన పేర వచ్చిన ఉత్తరువును సైతము పరులచే చెప్పించుకొనవలసినదే. చెప్పినవాడు ఉన్నది చెప్పెనో, లేనిది కల్పించెనో తెలిసికొను దారి యతనికి లేదు. పరుల కంటితో చూచువాడు పరుల బుద్ధితోనే నడువవలసి వచ్చును. తెలుగువానికి తెలుగు గ్రంథము నందించుట యనగా అతని బుద్ధిని అతనికి తిరిగి యప్పగించుటయే.

గ్రంథాలయ మొక్కటియే చాలదు. అందుంచుటకు తగిన గ్రంథములును కావలెను. అందులకై 1906లో విజ్ఞానచంద్రికా గ్రంథమండలి యేర్పడెను. మండలివారు తొలుత ప్రకటించినది కావ్యము కాదు, పురాణము కాదు. గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు రచించిన అబ్రహాము లింకను చరిత్రము. పిదప దేశచరిత్రములు, ప్రకృతిశాస్త్రములు వెలువడెను. బానిసత్వమును రూపుమాపిన పరదేశీయుని కథ చదివిన తెలుగువాడు తన యూరి వెట్టిచాకిరిని చూచినప్పుడు, ఇది విధివ్రాతయా, మనుష్యకృతమా యని తలపోయక మానునా? ఆ తలపోతయే స్వబుద్ధికి నాంది.

అయితే అచ్చుపడినదెల్ల సత్యము కాదు. తెలంగాణమున కవులు లేరని యొకరు వ్రాయగా, గోలకొండ పత్రికా సంపాదకులు సురవరము ప్రతాపరెడ్డిగారు దూషణమునకు దిగలేదు. ఊరూర నున్న కవుల నుండి పద్యములను రప్పించి, 354 మంది కవులతో 1934లో గోలకొండ కవుల సంచికను ప్రకటించిరి. నింద యొక వాక్యము. ఉత్తర మొక గ్రంథము. సంచికను చదివినవానికి ఆ వివాదమున తీర్పు చెప్పుటకు మధ్యవర్తితో పని లేదు.

నేను దీనినుండి గ్రహించినది యిది. ఒక్క గ్రంథమునే చదివి నమ్మువాడు చదువురానివానికంటె మిక్కిలి స్వతంత్రుడు కాడు. అతనికి యజమాని మాత్రము మారినాడు. రెండు పక్షములను చదివి, ఆధారములను తూచి చూచువాడే స్వతంత్రుడు.

కావున పెద్దలకు నా మనవి. పత్రమున వ్రాలు చేయుటకు ముందు దానిని మీరే చదువుడు. కన్ను ఆనకున్న ఇద్దరిచే వేఱువేఱుగ చదివించుకొనుడు. రచ్చబండపై నొక పత్రిక చదువునప్పుడు, దానికి ఎదురు పక్షమువారి పత్రికను గూడ చదివింపుడు. కుఱ్ఱవాడు ఆధారమేమని యడిగినచో కోపింపకుడు. మీ మాట సత్యమైనచో ఆ ప్రశ్నకు నిలుచును. నిలిచిన మాటను అతడు మీ తరువాతను మఱువడు. అడుగకయే తల యూపినవాడు మీ మాటకు ఊపినట్లే రేపు వంచకుని మాటకును ఊపును.