మన గళ్ళు ఏవి?

ఈ ప్రత్యేక సంచికకు చరిత్రకు సంబంధించి ఏదైనా రాయమని కార్యదర్శిగారు కోరారు. మా ఇంట్లో ఈ మధ్య లేచిన ఒక ప్రశ్నే నాకు విషయమైంది.

మా మనవడు మాదాపూర్‌లో పనిచేస్తున్నాడు. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమయ్యేనాటికి అక్కడ చుట్టూ రాళ్ళగుట్టలుండేవి. ఈనాటి పిల్లలకు అక్కడినుంచే ప్రపంచమంతా స్నేహితులు. ఐర్లండ్ మిత్రుడొకడు పెళ్ళికి రమ్మని, మగవాళ్ళంతా కిల్ట్ కట్టుకోవాలన్నాడట. కిల్ట్ అంటే వెనుక కుచ్చిళ్ళతో మోకాళ్ళ దాకా ఉండే గళ్ళబట్ట. ఆ గళ్ళ నమూనాను టార్టన్ అంటారు. "తాతయ్యా, నేను ఏ గళ్ళు కట్టుకోవాలి?" అన్నాడు.

ఒక్కో వంశానికి ఒక్కో టార్టన్ అనాదిగా ఉందని చాలామంది అనుకుంటారు. అసలు కథ వేరు. స్కాట్లండ్ కొండప్రాంతాల వారి ఆ దుస్తులను 1746లో చట్టం నిషేధించింది. 1782లో నిషేధం ఎత్తివేశారు. 1822లో నాలుగవ జార్జి రాజు ఎడింబరో వచ్చినప్పుడు రచయిత వాల్టర్ స్కాట్ ఏర్పాట్లు చూశాడు. వంశానికొక టార్టన్ అనే మోజు అప్పటినుంచే బాగా ప్రబలింది.

ఐర్లండ్‌వారు కిల్ట్‌ను పంతొమ్మిదో శతాబ్దం చివర, సొంత భాషాసంస్కృతులను నిలబెట్టుకునే ఉద్యమంలో చేపట్టారు. 1956లో డంగివెన్ దగ్గర భూమిలో దొరికిన పాత దుస్తుల ఆధారంగా అల్‌స్టర్ టార్టన్ నేశారు. అక్కడి జిల్లాల టార్టన్లు చాలావరకు 1996లో ఒక బట్టల కంపెనీ రూపొందించినవే. గళ్ళు లేని కుంకుమపువ్వు రంగు కిల్ట్ కూడా ఉంది. ఐర్లండ్ సైన్యంలోని బ్యాగ్‌పైపు వాద్యగాళ్ళు ధరించేది అదే.

"అయితే మన గళ్ళు ఏవి?" అన్నాడు మనవడు. నాకు నోట మాట రాలేదు.

మాది పాత నల్గొండ జిల్లా. మా నాన్నగారి భుజాన ఎప్పుడూ తేలియా రుమాలు ఉండేది. నూలును నూనెలో, బూడిద నీళ్ళలో పలుమార్లు నానబెట్టి, పడుగునూ పేకనూ ముందే ముడులు కట్టి రంగులద్ది నేసే గుడ్డ అది. ఎరుపు, నలుపు, తెలుపు గళ్ళు. చీరాలలో పుట్టిన ఈ నేత పుట్టపాకలో నిలిచింది. పశుల కాపరులు తలకు చుట్టుకున్నారు, నిజాం అంతఃపురంలో ఓణీగా వేసుకున్నారు, ఓడలెక్కి అరబ్బు దేశాలకూ వెళ్ళింది. పుట్టపాకకు చెందిన గజం గోవర్ధనగారికి 2011లో పద్మశ్రీ వచ్చింది. 2020లో తేలియా రుమాలుకు భౌగోళిక గుర్తింపు లభించింది.

చిన్నప్పుడు ఆ నూనె వాసనకు నేను సిగ్గుపడేవాణ్ణి. నాన్నగారు పోయాక, గుమాస్తాగా ఆఫీసుకు వెళ్ళే రోజుల్లో, ఆ రుమాలుతో సైకిలు తుడిచాను. చిరిగాక పారేశాను. ఈ మాట మనవడికి మొన్ననే చెప్పాను.

వాడేమీ అనలేదు. ఆదివారం నన్ను పుట్టపాక తీసుకెళ్ళాడు. పెళ్ళికి కుంకుమపువ్వు రంగు కిల్ట్ అద్దెకు తీసుకుని, భుజాన తేలియా రుమాలు వేసుకున్నాడు. ఇంకొకటి నాకు కొనిపెట్టాడు. దానికీ అదే వాసన.

మిత్రులారా, మీ పాత పెట్టెల్లో అలాంటిది ఉందేమో చూడండి. ఉంటే, ఎవరిదో పిల్లలకు చెప్పండి.