తులసి కుర్చీలో ఎప్పుడు కూర్చుంటుంది? – జహీరాబాద్ చూపుతో మన పాత సినిమాలు

పిహెచ్.డి. వైవా అయిపోయిన వారానికి జహీరాబాద్ వెళ్ళాను. ఆ ఆదివారం మధ్యాహ్నం టీవీలో 'శంకరాభరణం' వస్తోంది. అమ్మ జొన్నరొట్టెలు చేయడం ముగించి, కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి నా పక్కన కూర్చుంది. ఎన్నోసారి చూస్తున్నామో ఇద్దరికీ లెక్కలేదు. పాట వచ్చినప్పుడల్లా అమ్మ పెదవులు కదులుతూనే ఉన్నాయి. సినిమా చివరికొచ్చాక ఉన్నట్టుండి అంది: "ప్రతిసారి జూస్త బిడ్డా, గా తులసి ఎప్పుడన్న కుర్చీల కూసుంటదేమోనని. కూసోనే కూసోదు."

నేను నవ్వాను. కాసేపయ్యాక నవ్వు రాలేదు. నవలలూ కథలూ సినిమాలైనప్పుడు వాటిలోని స్త్రీలకు ఏమవుతుందన్న విషయం మీద అయిదేళ్ళు పనిచేసినదాన్ని. లారా మల్వీ 1975లో రాసిన వ్యాసాన్ని ఎన్నిసార్లు ఉటంకించానో! సినిమా తెర మీద చూసేది మగవాడు, చూడబడేది స్త్రీ అని ఆమె చెప్పిన మాట నా సిద్ధాంత గ్రంథానికి వెన్నెముక. అయిదో తరగతితో చదువు ఆగిపోయిన అమ్మ, ఆ వెన్నెముకతో పనిలేకుండానే, ఒక్క కుర్చీతో తేల్చేసింది. ఆ కుర్చీ నాకు మా ఊరి పక్కనే పుట్టిన మరో మూడు మాటల్ని గుర్తుచేసింది. నా గ్రంథంలో వాటికి ఒక్క పాదసూచిక కూడా లేదు.

జహీరాబాద్ తెలియనివాళ్ళ కోసం నాలుగు మాటలు. హైదరాబాదు నుంచి ముంబాయి వెళ్ళే రహదారి మీద, బీదర్‌కి దగ్గరలో, కర్ణాటక సరిహద్దున ఉంటుంది. ఒకప్పటి మెదక్ జిల్లా, 2016 నుంచి సంగారెడ్డి జిల్లా. తెలుగు, ఉర్దూ, కన్నడం ఒకే బజారులో కలిసి వినపడతాయి. ఈ చుట్టుపక్కల గ్రామాల్లో 1983లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ పని మొదలుపెట్టింది. ఊరూరా మహిళా సంఘాలు ఏర్పడ్డాయి. సభ్యుల్లో అత్యధికులు దళిత స్త్రీలు, కూలి పని చేసుకునేవాళ్ళు, చిన్న చెలకలున్నవాళ్ళు. సొసైటీని నడిపిన పి.వి. సతీష్ అంతకుముందు దూరదర్శన్‌లో నిర్మాత. 2023లో ఆయన చనిపోయారు. 1990ల చివర్లో ఈ సంఘాల స్త్రీలు కొందరు వీడియో కెమెరా పట్టడం నేర్చుకున్నారు. చాలామందికి చదవడం, రాయడం రాదు. హై యాంగిల్, లో యాంగిల్, ఐ లెవెల్ అన్న మాటలు వాళ్ళకు పనికిరాలేదు. అందుకని వాళ్ళే పేర్లు పెట్టుకున్నారు.

పైనుంచి కిందికి తీస్తే అది పటేల్ షాట్. గట్టు మీద నిలబడ్డ పటేలు, పొలంలో వంగి పనిచేసే కూలిని చూసే చూపు. కిందినుంచి పైకి తీస్తే బానిస షాట్. నేల మీద కూర్చున్న కూలి మనిషి పటేలుని చూసే చూపు. కంటికి కన్ను ఎదురుగా పెట్టి తీస్తే సంఘం షాట్. సంఘంలో అందరూ ఒకే చాప మీద కూర్చుంటారు కనక.

ఈ పేర్ల గురించి సతీష్ రాశారు, ఇంకెందరో రాశారు. చాలామంది 'ఎంత ముచ్చటగా పెట్టుకున్నారో' అని మెచ్చుకుని వదిలేశారు. నిజానికి ఇందులో ఉన్నది ముచ్చట కాదు, సిద్ధాంతం. సినిమా పాఠ్యపుస్తకం ఏం చెబుతుంది? కిందినుంచి తీస్తే తెర మీది మనిషి బలవంతుడిలా కనిపిస్తాడు, పైనుంచి తీస్తే బలహీనుడిలా కనిపిస్తాడు అంటుంది. అంటే షాట్‌కి అర్థం కనపడే మనిషిని బట్టి వస్తుంది. జహీరాబాద్ స్త్రీలు దాన్ని తిరగేశారు. వాళ్ళు పేరు పెట్టింది కనపడేవాళ్ళను బట్టి కాదు, చూసేవాళ్ళను బట్టి. పటేలు చూస్తే పటేల్ షాట్, బానిస చూస్తే బానిస షాట్. మల్వీ అడిగిన ప్రశ్నే ఇది: ఎవరు చూస్తున్నారు? కాకపోతే మల్వీ చూపులో ఆడా మగా అన్న తేడానే చూసింది. వీళ్ళు భూమినీ కులాన్నీ కూడా చూశారు.

ఆ ఆదివారం తర్వాత నేను ప్రాణంగా ప్రేమించిన పాత సినిమాలన్నీ మళ్ళీ వేసుకుని చూశాను. కెమెరా ఎన్ని డిగ్రీలు వంగిందని కొలవడానికి కాదు, కథ ఎవరి పక్కన కూర్చుందో చూడటానికి. ఇక్కడ రాస్తున్నవి నా అభిప్రాయాలే. కొన్ని నాకే నచ్చడం లేదు.

'శంకరాభరణం'తోనే మొదలుపెడతాను. కె. విశ్వనాథ్ 1980లో మనకిచ్చిన ఈ సినిమాకి చేతులెత్తి మొక్కని తెలుగువాళ్ళు తక్కువ. తులసి వేశ్యావృత్తిలోకి నెట్టబడుతున్న అమ్మాయి. తనని చెరిచినవాణ్ణి చంపింది. ఆ అత్యాచారం వల్ల పుట్టిన కొడుకుని శాస్త్రిగారికి శిష్యుడిగా అప్పగించింది. చివర్లో తన డబ్బుతో ఆయన పేరున సభామందిరం కట్టించింది. కథని నడిపింది ఆమె, వేదిక కట్టింది ఆమె. వేదిక మీద ఆయన, ఆయన తర్వాత ఆమె కొడుకు. ఆమెకి మిగిలింది ఆయన పాదాల దగ్గర చావు. సినిమా అంతా మనం శాస్త్రిగారిని తులసి కళ్ళతోనే చూస్తాం కాబట్టి, ఆమెతో పాటు మనల్నీ నేల మీద కూర్చోబెడుతుంది. నాకు తెలిసి తెలుగులో అత్యంత అందమైన బానిస షాట్ ఇది. అందమైనది కాబట్టే ఇన్నేళ్ళు గుర్తుపట్టలేదు.

బానిస షాట్‌లో పైన ఉండేది మగవాడే కానక్కర్లేదు. 1957లో వచ్చిన మెహబూబ్ ఖాన్ 'మదర్ ఇండియా'లో నాగలి మోసే రాధని మనం తలెత్తి చూస్తాం. ఎత్తులో పెట్టినందుకు ఆమె కట్టిన బాకీ ఏమిటి? ఊరి మర్యాద కోసం కన్న కొడుకుని కాల్చి చంపడం. స్త్రీని గద్దె మీద కూర్చోబెట్టడమూ సమానత్వం కాదని మనం ఎప్పట్నించో చెబుతున్నాం. దేవతకీ చాప మీద చోటుండదు.

అదే 1957లో వచ్చిన 'మాయాబజార్' నాకు ఇప్పటికీ కడుపునిండే సినిమా. కె.వి. రెడ్డి దర్శకత్వం, మార్కస్ బార్ట్‌లీ కెమెరా, అన్నీ సరే. నాకు ఆ సినిమా అంటే సావిత్రి. అసలు శశిరేఖ తలవంచుకుని, కళ్ళు వాల్చుకుని ఉంటుంది. ఘటోత్కచుడు ఆమె రూపంలోకి వచ్చాక అదే సావిత్రి ఛాతీ విరుచుకుని నడుస్తుంది, కళ్ళు ఉరుముతుంది, పెళ్ళికొడుకు కాలు తొక్కుతుంది. చిన్నప్పుడు మా బడిలో ఆడపిల్లలందరం అనుకరించింది ఆ మాయా శశిరేఖనే, అసలు శశిరేఖని కాదు. లోపల మగవాడున్నాడన్న షరతు మీదనే ఒక ఆడపిల్లకి ఆ నడక దొరికింది! ఇది గుర్తొచ్చాక నవ్వుతూనే మనసు చివుక్కుమంటుంది.

రెండేళ్ళ ముందు, 1955లో, ఎల్.వి. ప్రసాద్ తీసిన 'మిస్సమ్మ'లో ఇదే సావిత్రి మేరీ. ఉద్యోగం కోసం పరాయి మగవాడితో భార్యాభర్తల్లా నటించడానికి ఒప్పుకునే, ఎదురు తిరిగి మాట్లాడే క్రైస్తవ అమ్మాయి. తెలుగు తెర మీద ఇంత కంటికి కన్నుగా నిలబడిన నాయిక అరుదు. అయినా కథ ముగియాలంటే ఆమె తప్పిపోయిన జమీందారు కూతురు మహాలక్ష్మి అని తేలాలి. మేరీ మేరీగానే పెళ్ళాడటానికి వీల్లేదు. సంఘం షాట్‌గా మొదలైనది జమీందారు ఇంటి మేడ మీదికి ఎక్కేసింది.

ఇంకా వెనక్కి వెళితే 1938 నాటి 'మాలపిల్ల' ఉంది. గూడవల్లి రామబ్రహ్మం దర్శకుడు, కథ చలంది. ఆ రోజుల్లో ఆ పేరుతో సినిమా తీయడమే పెద్ద సాహసం. నా గ్రంథంలో ఒక అధ్యాయమంతా దాన్ని పొగిడాను, ఆ మాట ఇప్పుడూ వెనక్కి తీసుకోను. కానీ ఆ కథలో మారాల్సింది ఎవరు? ఛాందస బ్రాహ్మణుడైన సుందరరామశాస్త్రి. ఎవరి మనసు కరుగుతుందా అని మనం ఎదురుచూస్తాం? ఆయనదే. కాంచనమాల అందాన్ని తెరంతా నింపినా, ఆ మాలపిల్ల ఈ ఊరిని ఎలా చూసిందో కథకి అవసరం పడలేదు. కరుణతో చూసినా పైనుంచి చూస్తే అది పటేల్ షాటే. సంస్కరణ సినిమాల గురించి నాకున్న పెద్ద పేచీ ఇదే.

మరి పోరాట సినిమాలు? 'మా భూమి' (1979) మా జిల్లా సినిమా అని మాకు గర్వం. మెదక్ జిల్లా మంగళపర్తిలో తీశారు. కిషన్‌చందర్ ఉర్దూ నవల ఆధారం, గౌతమ్ ఘోష్ దర్శకుడు, బి. నర్సింగరావు నిర్మాతల్లో ఒకరు. గద్దర్ పాట వింటే ఇప్పటికీ ఒళ్ళు గగుర్పొడుస్తుంది. దొరనీ గడీనీ కూలివాళ్ళ కంటితో చూపించిన సినిమా అది, సందేహం లేదు. అయితే రామయ్య ప్రేమించిన లంబాడా అమ్మాయి చంద్రి దొరకి లొంగిపోవలసి వచ్చినప్పుడు, రామయ్య కోపంతో ఊరు విడిచి పట్నం పోతాడు. కెమెరా కూడా అతనితోనే పోతుంది. చదువు అతనికి, కార్మిక సంఘం అతనికి, చైతన్యం అతనికి. చంద్రి ఆ రాత్రుల్ని ఎలా దాటిందో చూడటానికి కెమెరా ఊళ్ళో ఆగలేదు. తెలంగాణ పోరాటంలోని స్త్రీలు తమ నోటితో చెప్పుకున్న 'మనకు తెలియని మన చరిత్ర' 1986లో స్త్రీశక్తి సంఘటన తెచ్చేదాకా మనమూ ఆ ప్రశ్న గట్టిగా అడగలేదు.

ఆ కెమెరా ఊళ్ళో ఆగితే ఎలా ఉంటుందో 1988లో నర్సింగరావే 'దాసి'లో చూపించారు. ఈసారి దర్శకుడూ ఆయనే. గడీలోని దాసి కమలాక్షి వెంటే సినిమా నడుస్తుంది. ఊడుస్తుంటే, కడుగుతుంటే, పిలిస్తే పోతుంటే, దొర వల్ల వచ్చిన గర్భం దొరసాని ఆజ్ఞతో పోతుంటే, మనం పక్కనే ఉంటాం. ఉపన్యాసం లేదు, కన్నీటి సంగీతం లేదు. అర్చనకి జాతీయ ఉత్తమ నటి పురస్కారం వచ్చింది. నేను చూసిన తెలుగు సినిమాల్లో సంఘం షాట్‌కి అన్నిటికన్నా దగ్గరగా వచ్చింది ఇదే. అయినా కమలాక్షికి కబురు చెప్పుకునే సంఘం లేదు, పక్కన కూర్చునే మరో మనిషి లేదు. చాప పరిచి ఉంది, ఆమె ఒక్కతే ఉంది.

మా తరం వెర్రిగా చూసిన 'శివ' (1989) గురించి చెప్పకపోతే నిజాయితీ కాదు. సైకిల్ చైన్ లాగిన చేతిని చూసి మేమూ ఈలలు వేశాం. రాంగోపాల్ వర్మ కెమెరా మనుషుల వెంట పరుగెత్తింది, రౌడీనీ విద్యార్థినీ ఒకే ఎత్తులో చూపించింది. ఆ ఎత్తు మగవాళ్ళ ఎత్తు. కాలేజీలో తోటి విద్యార్థిని అయిన ఆశ, పెళ్ళయ్యాక తలుపు వైపు చూస్తూ కూర్చునే మనిషైపోయింది.

కెమెరా వెనక స్త్రీ నిలబడితే చూపు మారుతుందా? భానుమతి 1953లోనే 'చండీరాణి'కి దర్శకత్వం వహించింది. సావిత్రి 1968లో 'చిన్నారి పాపలు' తీసింది. విజయనిర్మల 1973లో యద్దనపూడి నవల 'మీనా'ని సినిమా చేసి, తర్వాత నలభైకి పైగా సినిమాలు తీసింది. ఆ కుర్చీలో కూర్చోవడమే ఒక యుద్ధం, దాన్ని తక్కువ చేయను. కానీ వాళ్ళ ముందున్న డబ్బూ పంపిణీదారులూ అభిమాన హీరోలూ పాతవే. కుర్చీ దొరికింది, చాప పరవడానికి చోటు దొరకలేదు.

జహీరాబాద్ స్త్రీలకు ఆ ఇరుకు లేదు. వాళ్ళ ముందు హీరో లేడు, టికెట్టు లేదు. 2002లో బిటి పత్తికి ప్రభుత్వం అనుమతి ఇచ్చాక వాళ్ళు కెమెరా పట్టుకుని వరంగల్ పోయారు. విత్తు దగ్గర్నించి ఏరుడు దాకా అవే చెలకలకి, అదే రైతుల దగ్గరికి మళ్ళీ మళ్ళీ వెళ్ళారు. 2003లో బయటికి వచ్చిన ఆ చిత్రంలో అడిగేదీ రైతే, చెప్పేదీ రైతే. పత్తి కాయని ఎలా విప్పి చూడాలో తెలిసిన చేతులే కెమెరాని పట్టుకున్నాయి. హుమ్నాపూర్ లక్ష్మమ్మ వంటివాళ్ళు తమ చిత్రాలతో దేశాలు తిరిగి వచ్చారు. 2008 అక్టోబర్ 15న మాచ్‌నూర్‌లో సంఘం రేడియో కూడా మొదలైంది. మన సినిమా చరిత్ర పుస్తకాల్లో వీళ్ళకి ఒక పేజీ ఉండాలంటే అతిశయోక్తి అనుకుంటారు. నేను అనుకోను.

అమ్మని తర్వాత అడిగాను, చిన్నప్పుడు సినిమాలు ఎక్కడ కూర్చుని చూసేదానివని. "ఇంకేడ, నేల టికెట్టే. తెర ముంగటనే. మెడ నొచ్చేది" అంది. నేల టికెట్టు వాళ్ళు, వాళ్ళ వెనక బెంచి, ఆ వెనక కుర్చీ. ఎవరిని ఎలా తీసినా అమ్మకి ప్రతి సినిమా కిందినుంచి పైకే కనపడింది. కుర్చీ ఆమెకి ఉపమానం కాదు, కొనలేని టికెట్టు. తులసి కూర్చుంటుందేమోనని ఎదురుచూసింది అందుకే.

నా సిద్ధాంత గ్రంథం అచ్చు వేయించమని మా గైడు అడుగుతున్నారు. తీసి మళ్ళీ చదివాను. 'అట్టడుగు స్త్రీ', 'గొంతులేని స్త్రీ' అని ప్రతి పేజీలో రాశాను. ఆమె ఎవర్ని చూస్తోందో, ఏమనుకుంటోందో ఒక్కచోటా రాయలేదు. సానుభూతి నిండుగా ఉంది. గట్టు మీద నిలబడి రాసిన సానుభూతి. మూడు వందల పేజీల పటేల్ షాట్! అచ్చుకి ఇవ్వలేదు. మొదటి అధ్యాయం మళ్ళీ రాస్తున్నాను, ఈసారి నేల టికెట్టు దగ్గర్నించి. అమ్మకి చదివి వినిపిస్తున్నాను. నచ్చని చోట ఆపమంటోంది.