యూనిట్ ధర

ఒక కిలో, ఒక లీటరు, ఒక మీటరు వంటి ఒక్క ప్రమాణానికి పడే ధర లేదా కూలి. మొత్తం సొమ్మును మొత్తం పరిమాణంతో భాగిస్తే వస్తుంది.

రాజన్న సిరిసిల్ల జిల్లాలోని ఎల్లంతకుంట వంటి వ్యవసాయ మండలాల్లో ఈ లెక్క వడ్ల దగ్గర ఎదురవుతుంది. 2024-25లో ‘ఏ’ గ్రేడు ధాన్యానికి కేంద్రం ఇచ్చిన మద్దతు ధర క్వింటాలుకు 2,320 రూపాయలు. అంటే కిలోకు 23.20, 40 కిలోల బస్తాకు 928. కల్లం దగ్గరికొచ్చిన వ్యాపారి బస్తా లెక్కన బేరమాడితే, ముందు కిలో ధర తీయాలి. తరుగు కింద కోసే తూకాన్ని కూడా అందులో కలపకపోతే లెక్క తప్పినట్టే.

సిరిసిల్ల మరమగ్గాల మీద సంగతి ఇంకాస్త చిక్కు. కూలి మీటరుకు ఇంతని చెప్పినా, అంగుళానికి 60 పేక పోగులున్న బట్ట, 40 పోగుల బట్ట కంటే అదే వేగంతో ఒకటిన్నర రెట్లు సమయం తింటుంది. మొదటిదానికి మీటరుకు 3 రూపాయలు, రెండోదానికి 2 రూపాయలు అనుకుంటే, చూపుకు తేడా ఉన్నా గంట కూలి ఒక్కటే. ప్రమాణం ఏదో తేలకుండా పోలిక కుదరదు.

ప్యాకెట్ సరుకుల నియమాలకు 2021లో చేసిన సవరణతో, ప్యాకెట్లపై యూనిట్ ధర ముద్రణ కూడా వాటిలోకి వచ్చింది. ప్యాకెట్ బరువు కిలో దాటితే కిలోకు, తగ్గితే గ్రాముకు వేస్తారు. రెండింటినీ పోల్చాలంటే గ్రాము ధరను వెయ్యితో హెచ్చించుకోవాలి.