మూడు నేరాలు, మూడు కొలతలు: నాంపల్లి కోర్టుల్లో శిక్ష ఖరారు

హైదరాబాద్‌లోని నాంపల్లి రైల్వే స్టేషన్ బయట ఒక మనిషిని పోలీసులు పట్టుకున్నారనుకుందాం. సంచిలో కిలో 200 గ్రాముల గంజాయి, ఒకరి ఇంట్లోంచి పోయిన లైసెన్సు పిస్తోలు, ప్లాట్‌ఫారం మీద కొట్టేసిన రెండు ఫోన్లు దొరికాయి. మనిషి ఒకడే, పంచనామా ఒకటే. శిక్ష దగ్గరికి వచ్చేసరికి మూడు చట్టాలు మూడు రకాలుగా లెక్క కడతాయి. ఆ లెక్కల్ని కలిపి చూసే పద్ధతి మనకు లేదు. ఉన్న కాస్త విచక్షణను కూడా కారణాలు రాయకుండానే వాడేస్తున్నామన్నది ఈ వ్యాసం వాదన.

మొదట గంజాయి. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టానికి 2001లో సవరణ వచ్చాక శిక్షను బరువు నిర్ణయిస్తోంది. కిలో లోపు అయితే గరిష్ఠంగా ఏడాది జైలు. 20 కిలోలు దాటితే కనీసం పదేళ్లు, గరిష్ఠంగా ఇరవై ఏళ్లు. మధ్యలో ఉన్నదానికి పదేళ్ల వరకు, కనీస శిక్షంటూ లేదు. అంటే మన ముద్దాయి సంచిలో కిలో మీద ఉన్న ఆ 200 గ్రాములే గరిష్ఠ శిక్షను ఏడాది నుంచి పదేళ్లకు పెంచేశాయి. అతను, 19 కిలోలతో దొరికినవాడు ఒకే గాటన పడతారు. చట్టం దృష్టిలో గంజాయి అంటే మొక్క పూత కొనలు, కాయ కొనలు. కొనలు లేకుండా విడిగా ఉన్న ఆకు, గింజ లెక్కలోకి రావు. కాబట్టి తూకం వేసేటప్పుడు సంచిలో ఏముందో పంచనామాలో సరిగ్గా రాశారా, 52ఎ సెక్షన్ ప్రకారం మేజిస్ట్రేట్ ఎదుట నమూనాలు తీశారా అన్నదాని మీదే ఏళ్లకు ఏళ్లు ఆధారపడి ఉంటాయి.

పిస్తోలు సంగతి వేరు. లైసెన్సు లేకుండా తుపాకీ దగ్గర పెట్టుకుంటే ఆయుధాల చట్టం 25(1బి) కింద 2019 సవరణకు ముందు ఏడాది నుంచి మూడేళ్లు పడేది. ఇప్పుడు రెండు నుంచి ఐదేళ్లు. అది దొంగిలించిన తుపాకీయా, కొన్నదా అన్నది ఈ సెక్షన్‌కు పట్టదు. పోలీసుల నుంచి బలవంతంగా లాక్కుంటే మాత్రం పదేళ్ల నుంచి యావజ్జీవం దాకా ఉంది. అమెరికా ఫెడరల్ చట్టంలో దొంగ తుపాకీ అని తెలిసి దగ్గర పెట్టుకోవడమే పదేళ్ల వరకు శిక్షపడే నేరం. మత్తుమందుల వ్యాపారానికి ఊతంగా తుపాకీ ఉంచుకుంటే కనీసం ఐదేళ్లు, అదీ మిగతా శిక్ష ముగిశాకే మొదలవుతుంది. ఆ కాఠిన్యం మనకు అక్కర్లేదు. కానీ నేరాల మధ్య సంబంధాన్ని చట్టం అడగడం, జడ్జి దానికి జవాబు రాయడం అక్కడ నేర్చుకోదగ్గవి. ఇంకో మాట. ఆయుధాల చట్టం 39వ సెక్షన్ కింద ఇలాంటి కేసుకు జిల్లా మేజిస్ట్రేట్ అనుమతి కావాలి. హైదరాబాద్‌లో ఆ అధికారం పోలీసు కమిషనర్‌ది. దర్యాప్తు చేసే శాఖ అధిపతే అనుమతి ఇచ్చే చోట ఆ వడపోత పేరుకే మిగులుతుంది.

అన్నిటికన్నా చిన్నదిగా కనిపించే ఫోన్ల దొంగతనమే నాకు ఎక్కువ ఆందోళన కలిగిస్తోంది. ఆబిడ్స్ జగదీశ్ మార్కెట్ లాంటి పాత ఫోన్ల బజార్లున్న నగరంలో ఇది రోజూ నమోదయ్యే కేసు. చంచల్‌గూడ జైల్లో కొన్నాళ్లు గడిపిన పేద ముద్దాయి నేరం ఒప్పుకుంటే రిమాండు కాలమే శిక్షగా సరిపెట్టడం మామూలు. ఆ రోజుకు అది ఊరటే. అయితే 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 303(2) ప్రకారం రెండోసారి దొంగతనం రుజువైతే కనీసం ఏడాది కఠిన కారాగారం, గరిష్ఠంగా ఐదేళ్లు. ఇవాళ తొందరపడి ఒప్పుకున్నది రేపు మెడకు చుట్టుకుంటుంది. ఆ సంగతి ముద్దాయికి ఎవరు చెబుతున్నారు? అదే సెక్షన్‌లో ఐదు వేల రూపాయల లోపు సొత్తు తిరిగిచ్చిన మొదటిసారి నేరస్థుడికి సమాజ సేవే శిక్ష అన్న వెసులుబాటు ఉంది. దాన్ని అడగాల్సింది లీగల్ ఎయిడ్ వకీలే.

ఇక మూడింటినీ కలపడం. ఒకే విచారణలో రుజువైతే శిక్షలు ఏకకాలంలో నడవాలా, ఒకదాని తర్వాత ఒకటా అన్నది విచారణ పద్ధతిని నిర్దేశించే భారతీయ నాగరిక సురక్షా సంహిత 25వ సెక్షన్ ప్రకారం నేర తీవ్రతను బట్టి కోర్టు చెప్పాలి. కానీ ఫోన్ల కేసు మేజిస్ట్రేట్ దగ్గర, గంజాయి కేసు ప్రత్యేక కోర్టులో విడివిడిగా నడిస్తే 467వ సెక్షన్ వర్తిస్తుంది. కోర్టు వేరుగా ఆదేశించకపోతే రెండో శిక్ష మొదటిది ముగిశాకే మొదలవుతుంది. ఎవరూ ఏమీ అడగకపోతే ఏళ్లు పెరుగుతాయి.

పేరుమోసిన కేసులు శిక్ష ఖరారు చేసే దశ దాకా రావడమే అరుదు. 2017 జూలైలో నాంపల్లి ఆబ్కారీ భవన్‌లో మాదకద్రవ్యాల కేసులో సినీ ప్రముఖులను రోజుల తరబడి ప్రశ్నించారు. 2024లో నాంపల్లి కోర్టు ఆ వ్యవహారంలో ఆరు కేసులను ఆధారాలు చాలక కొట్టివేసింది. శిక్ష దాకా వచ్చేవాళ్లలో వకీలును పెట్టుకునే స్తోమత లేనివారే ఎక్కువగా కనిపిస్తారు. దోషి అని తేల్చాక జడ్జి అడుగుతారు: “శిక్ష గురించి ఏమైనా చెప్పుకుంటావా?” “పిల్లలున్నారు సార్, సంపాదించేది నేనొక్కణ్ణే” అంటాడు ముద్దాయి. తీర్పులో ఆ ఒక్క వాక్యం పడుతుంది, విచారణ ముగుస్తుంది. శిక్షపై వాదనకు మరో రోజు ఇవ్వడం మంచిదని అల్లాఉద్దీన్ మియా కేసులో సుప్రీంకోర్టు 1989లోనే చెప్పింది. శిక్షల ఖరారుకు మార్గదర్శకాలు కావాలని నేర న్యాయ వ్యవస్థ సంస్కరణలపై వేసిన మలిమత్ కమిటీ 2003లో అడిగింది. సమగ్ర శిక్షా విధానాన్ని పరిశీలించమని 2024లో సునీతాదేవి కేసులో సుప్రీంకోర్టు కేంద్రానికి సూచించింది.

కేంద్రం కోసం ఆగకుండా తెలంగాణ హైకోర్టు చేయగలిగిన పని ఒకటుంది. శిక్ష విధించే ప్రతి తీర్పులో ముద్దాయి మీద ఉన్న మిగతా కేసులు, రిమాండు కాలం, శిక్షలు ఎలా నడవాలి, ఎందుకు అన్నవి విడిగా ఒక పేజీలో రాయాలని కింది కోర్టులను ఆదేశించాలి. ఆ పని నాంపల్లి నుంచే మొదలుపెట్టాలని నా విన్నపం.