తమ్ముడు పెద్దవాడైన చోటు

తెలుగువాళ్ళు సినిమాకు పేరు పెట్టేటప్పుడు కూడా చుట్టరికం వదలరు. కుర్రవాడు కరాటే నేర్చి మనిషైన కథను 1984లో అమెరికావాళ్ళు తీసి ‘ది కరాటే కిడ్’ అన్నారు. అక్కడ పెద్దపీట విద్యకు. ఆకతాయి కుర్రవాడు పందెం గెలిచిన కథను 1992లో హిందీవాళ్ళు తీసి ‘జో జీతా వహీ సికందర్’ అన్నారు. గెలిచినవాడే సికందరు అని అర్థం, పెద్దపీట గెలుపుకు. ఆ హిందీ కథనే మనవాళ్ళు 1999లో తెచ్చుకుని ‘తమ్ముడు’ అన్నారు. ఆ పేరులో విద్యా లేదు, గెలుపూ లేదు. వీడికొక అన్న ఉన్నాడన్న సంగతి మాత్రమే ఉంది.

మొన్న సెలవుల్లో కానింగ్ వేల్‌లోని మా ఇంట్లో మూడు తరాలవాళ్ళం కూర్చుని ‘తమ్ముడు’నూ, మర్నాడు ‘కరాటే కిడ్’నూ మళ్ళీ చూశాం. చూశాక ఈ పేరు సంగతి తోచి ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాం.

ముందు కథ పుట్టుపూర్వోత్తరాలు. 1979లో పీటర్ యేట్స్ అనే దర్శకుడు ‘బ్రేకింగ్ అవే’ అనే చిత్రం తీశాడు. ఇండియానా రాష్ట్రంలో రాళ్ళు కొట్టే కూలీల పిల్లలు సైకిలు పందెంలో కాలేజీ కుర్రాళ్ళను ఓడించే కథ అది. రాసినవాడు స్టీవ్ టెసిచ్, యుగోస్లావియా నుంచి చిన్నతనంలో వలస వచ్చినవాడు. ఆ రచనకు ఆస్కార్ వచ్చింది. మన్సూర్ ఖాన్ తీసిన హిందీ చిత్రంలో దాని పోలికలు చాలామందికి కనిపించాయి. అక్కడ ఊరు డెహ్రాడూన్, పందెం మాత్రం సైకిలుదే. పి.ఎ.అరుణ్ ప్రసాద్ దర్శకత్వంలో, బూరుగుపల్లి శివరామకృష్ణ నిర్మాతగా 1999 జూలై 15న మన ‘తమ్ముడు’ విడుదలయ్యేసరికి సైకిలు పోయి కిక్ బాక్సింగ్ వచ్చింది. తరవాత 2001లో ఇదే కథ తమిళంలో ‘బద్రి’గా, కన్నడంలో ‘యువరాజా’గా వెళ్ళింది.

సైకిలు ఎందుకు పోయిందంటారా? మన ఊళ్ళలో సైకిలు పాలక్యానుకూ, బడికీ, సంతకూ పనికొచ్చే వాహనం. దాని మీద పందెమంటే వెండితెరకు చాలదనుకుని ఉంటారు. దెబ్బలాట విద్య మాటకొస్తే అప్పటికే మనవాళ్ళకు దాని మీద మోజు ముదిరింది. 1973 నాటి ‘ఎంటర్ ది డ్రాగన్’తో బ్రూస్‌లీ బొమ్మ మంగలి షాపుల గోడలకెక్కింది. 1980లలో కరాటే నేర్చిన సుమన్, భానుచందర్ మన తెర మీద కాళ్ళు ఝాడించారు. చిన్న పట్నాల్లో సైతం హైస్కూలు మైదానాల్లో తెల్లబట్టలు వేసుకుని పిల్లలు తెల్లవారుజామున అరుస్తూ కనిపించేవారు. పవన్ కల్యాణ్ స్వయంగా ఆ విద్యలు నేర్చినవాడు. 1996లో మొదటి చిత్రంలోనే ఒంటి మీద సాహసాలు చేసి చూపించాడు. ‘తమ్ముడు’లో చేతివేళ్ళ మీదుగా కార్లు పోనిచ్చుకునే ఘట్టం వచ్చినప్పుడు మా అబ్బాయి సోఫా మీంచి లేచి నిలబడ్డాడు. ఎముకల సంగతి తెలిసిన మేము మాత్రం కళ్ళు మూసుకున్నాం.

వైద్యులతో కలిసి ఇలాంటి చిత్రాలు చూడటం ఇంట్లోవాళ్ళకు శిక్షే. ‘కరాటే కిడ్’ చివర్లో దెబ్బతిన్న కుర్రవాడి మోకాలిని గురువు అరచేతులు రుద్ది బాగుచేస్తే, ఆ వైద్యం మీ ఆసుపత్రిలో ఎందుకు లేదని మా అమ్మాయి అడిగింది. తల మీద దెబ్బ తగిలిన ఆటగాడు వెంటనే లేచి కలబడుతుంటే, ఆస్ట్రేలియాలో 2024లో వచ్చిన సూచనల ప్రకారం పిల్లలూ, ఊరి క్లబ్బుల ఆటగాళ్ళూ కనీసం 21 రోజులు దెబ్బలాటల పోటీకి దిగకూడదని మేం చెప్పబోయాం. “సినిమా చూడనివ్వరా!” అన్నారు నాన్నగారు.

అయితే మా వృత్తి వల్లనే కాబోలు, ఈసారి మా దృష్టి ఆఖరి పోటీ మీద నిలవలేదు. రెండు కథలూ నిజంగా మలుపు తిరిగేది మంచం దగ్గర.

‘తమ్ముడు’లో సుబ్బు చదువు తప్పిన కుర్రవాడు. ధనవంతుడిలా నటించి ఒక పిల్ల వెంట పడతాడు. తండ్రి కోపానికి గురై ఇల్లు వదలవలసి వస్తుంది. కిక్ బాక్సింగ్ అన్నది అన్న చక్రి విద్య. అచ్యుత్ ఆ పాత్రను ఎంత నిదానంగా చేశాడో ఇప్పుడు చూస్తే తెలుస్తుంది. ఆ నటుడు 2002లో చిన్నవయసులోనే పోయాడు. ప్రత్యర్థుల చేతిలో అన్న తీవ్రంగా దెబ్బలు తిని ఆసుపత్రి పాలవుతాడు. ఆ మంచం పక్కన నిలబడినప్పుడే సుబ్బు పెద్దవాడయ్యాడు. తరవాత ఇటుకలు పగలగొట్టినా, బరిలో గెలిచినా అది అక్కడ మొదలైనదాని కొనసాగింపే.

‘కరాటే కిడ్’లోనూ అంతే. న్యూజెర్సీ నుంచి తల్లితో లాస్ ఏంజెలిస్ చేరిన డేనియల్, ఒకినావాలో పుట్టిన మియాగి అనే ముసలాయన దగ్గర కార్లు తుడిచి, కంచెకు రంగు వేసి విద్య నేర్చుకుంటాడు. ఒక రాత్రి మియాగి తాగి ఉంటాడు. రెండో ప్రపంచయుద్ధంలో ఆయన అమెరికా పక్షాన పోరాడుతుండగా, మాంజనార్ నిర్బంధ శిబిరంలో ఆయన భార్య కాన్పు కష్టమై బిడ్డతో సహా చనిపోయింది. డాక్టరు రాలేదని ఆ మత్తులో గొణుగుతాడు. కుర్రవాడు ఆయన్ను పడుకోబెట్టి, యుద్ధపతకం చూసి, వంగి నమస్కరిస్తాడు. కథ నడక మందగిస్తుందని స్టూడియోవాళ్ళు ఆ ఘట్టాన్ని తీసేయమన్నారట. దర్శకుడు జాన్ జి. ఆవిల్డ్‌సన్ ఒప్పుకోలేదు.

అది కల్పన మాత్రమే కాదు. 1942 నుంచి లక్షా పదివేలకు పైగా జపాను సంతతివారిని అమెరికా ప్రభుత్వం అలా శిబిరాల్లో పెట్టింది. మియాగి వేషం వేసిన పాట్ మొరీటా 1932లో కాలిఫోర్నియాలో పుట్టినవాడు. పసితనంలో వెన్నెముకకు క్షయ సోకి ఏళ్ళ తరబడి పిండికట్టుతో ఆసుపత్రి మంచం మీదే పెరిగాడు. నడవడన్నారు. 11 ఏళ్ళ వయసులో నడక వస్తే, నడిచి వెళ్ళింది ఇంటికి కాదు, అరిజోనాలో తన వాళ్ళున్న గీలా రివర్ శిబిరానికి. ఆస్కార్ పోటీకి ఆయన పేరు వెళ్ళిందంటే ఆశ్చర్యం లేదు.

మనం ఉంటున్న పశ్చిమ ఆస్ట్రేలియాకూ ఈ చరిత్రలో వాటా ఉంది. పెర్త్‌కు ఉత్తరంగా రెండువేల కిలోమీటర్ల పైచిలుకు దూరంలోని బ్రూమ్ రేవులో ముత్యపు చిప్పల కోసం సముద్రంలో మునిగిన జపానువాళ్ళు తరతరాలుగా ఉండేవారు. 1941 డిసెంబరులో యుద్ధం రాగానే వారిని పట్టి నిర్బంధ శిబిరాలకు పంపారు. అక్కడి జపాను శ్మశానంలో తొమ్మిది వందలమందికి పైగా ఖననమై ఉన్నారు. వలస వచ్చినవాడి మంచం పక్కన ఎవరు నిలబడ్డారన్న ప్రశ్న అక్కడా వినిపిస్తుంది.

ఈ ప్రశ్న మనకు పరాయిది కాదు. రోజూ ఆసుపత్రిలో చూస్తుంటాం: కూతురో, కోడలో, పక్కింటివాళ్ళో మంచం దగ్గర కూర్చుని ఉంటారు, కొందరి పక్కన కుర్చీ ఖాళీగా ఉంటుంది. మా నాన్నగారికి గుంటూరులో బైపాస్ జరిగినప్పుడు వరండాలో రాత్రుళ్ళు కూర్చున్నది అన్నయ్య. వదిన కారియర్ మోసింది. రెండున్నర గంటలు ముందు నడిచే గడియారంతో ఇక్కడ కూర్చుని రిపోర్టులు చదివి, అన్నయ్యకు ఫోనులో అర్థం చెప్పింది మేము. ఎవరి పని వారు చేశాం. కానీ సినిమా లెక్కలో తమ్ముడు నిలబడవలసిన చోట మా ఇంట్లో అన్నే నిలబడ్డాడు. ఆయన అక్కడ నిలబడ్డాడు కనుకనే మేం ఇక్కడ ఇంకొకరి తండ్రి మంచం దగ్గర నిలబడగలిగాం.

ఇక్కడ పెరిగే పిల్లలకు ‘పెదనాన్న’ అంటే ఫోనులో కనిపించే ముఖం. ఆ మాట వెనక ఎన్ని రాత్రులున్నాయో వాళ్ళకు మనం చెబితే తప్ప తెలియదు. పాఠకులకు మా మనవి ఒకటే. ఈ చిత్రాలను ఇంటిల్లిపాదీ మళ్ళీ చూడండి. బరిలో దెబ్బలాట వచ్చినప్పుడు పిల్లలను కేకలు వేయనివ్వండి. ఆసుపత్రి మంచం వచ్చినప్పుడు మాత్రం ఒక్క నిమిషం బొమ్మ ఆపి, మీ ఇంట్లో ఎవరి కోసం ఎవరు నిలబడ్డారో పేరు పెట్టి, వరస పెట్టి చెప్పండి. పేరు తెలిస్తే, ఈసారి ఫోను చేసినప్పుడు పిల్లలకు మాట్లాడటానికి ఏదో ఒకటి ఉంటుంది.