కైసరు నాణెం, తూరు వెండి: క్రొత్త నిబంధన కాలంలో డబ్బు స్వభావం

ఉపోద్ఘాతం

కైసరుకు పన్ను చెల్లించడం న్యాయమా కాదా అని పరిసయ్యులు, హేరోదీయులు వేసిన ప్రశ్న (మార్కు 12:13-17) మన సంఘాలలో సాధారణంగా ప్రభుత్వానికి, సంఘానికి గల సంబంధాన్ని గూర్చిన పాఠంగా బోధింపబడుతోంది. ఆ బోధ తప్పని మేము అనడం లేదు. అయితే ప్రభువు ముందుగా అడిగినది ఒక నాణెం. దానికి విలువ ఎక్కడి నుండి వచ్చింది? అది సామాన్యుని చేతికి ఏ దారిన వచ్చింది? ఈ ప్రశ్నలు వేసుకోకపోతే ఆయన జవాబులోని బరువు మనకు పూర్తిగా అందదు. డబ్బు అంటే ఏమిటి అన్న విషయాన్ని ఆ కాలపు నాణేల చరిత్ర వెలుగులో ఈ వ్యాసంలో పరిశీలించదలచాము.

తూకం నుండి ముద్రకు

మొదట డబ్బు లెక్కపెట్టేది కాదు, తూచేది. అబ్రాహాము మక్పేలా పొలానికి 400 తులముల వెండి తూచి ఇచ్చాడు (ఆది. 23:16). యిర్మీయా అనాతోతు పొలానికి 17 తులములు తూచాడు (యిర్మీయా 32:9). మన బైబిలులో తులము అని అనువదింపబడిన షెకెలు నిజానికి ఒక తూనిక. ఇంచుమించు 11 గ్రాములు. తూనికరాయి దొంగదైతే డబ్బే దొంగదవుతుంది. ఆమోసు తన కాలపు వర్తకుల మీద మోపిన నేరం ఇదే (ఆమోసు 8:5).

క్రీ.పూ. 7వ శతాబ్దంలో ఆసియా మైనరులోని లూదియ దేశంలో లోహపు ముక్కల మీద ముద్ర వేయడం మొదలైంది. ముద్ర చేసిన మేలు ఒక్కటే: ప్రతిసారీ తూచి పరీక్షించే శ్రమ తప్పించడం. అయితే ఆ మేలుతో పాటు ఒక కొత్త శక్తి పుట్టింది. తూకాన్ని ఎవరైనా సరిచూడవచ్చు. ముద్ర వేసే అధికారం మాత్రం పాలకుని చేతికి పోయింది.

దేవాలయం కోరిన వెండి

డబ్బు మూడు పనులు చేస్తుందని ఆర్థిక శాస్త్రజ్ఞులు చెబుతారు: మారకం, విలువకు కొలత, విలువను దాచిపెట్టడం. యేసుప్రభువు కాలపు యూదయలో ఈ పనులన్నీ ఒకే నాణెం చేయలేదు. అంగడిలో చిన్న చిన్న కొనుగోళ్లకు కంచు కాసులు ఉండేవి. బీద విధవరాలు వేసినవి ఇటువంటివే. కూలికి, పన్నుకు కొలతగా దేనారము ఉండేది. దేవాలయపు పన్నుకు తూరు పట్టణపు వెండి షెకెలు కావలసి వచ్చేది.

తూరు పట్టణం క్రీ.పూ. 126-125 నుండి ఈ షెకెళ్లను ముద్రించింది. బరువు ఇంచుమించు 14 గ్రాములు. వెండి శుద్ధత నూటికి 90 పాళ్లకు పైగా ఉండేది. దాని మీద తూరువారి దేవత మెల్కార్తు తల, వెనుక గ్రద్ద బొమ్మ ఉండేవి. విగ్రహాన్ని సహించని దేవాలయం ఈ నాణేన్ని ఎందుకు కోరింది? బొమ్మను బట్టి కాదు, వెండిని బట్టి. యెరూషలేము యాజకుల దృష్టిలో ఈ నాణెం విలువ లోహంలో ఉంది. రూకలు మార్చువారి బల్లలు వెలసింది ఇందుకే. మారకానికి అదనపు రుసుము ఉండేదని మిష్నా ద్వారా తెలుస్తోంది. విధవరాండ్రు, అనాథలు దాచుకున్న సొమ్ము దేవాలయంలో ఉండేదని మక్కబీయుల రెండవ గ్రంథం చెబుతోంది. కాబట్టి దేవాలయం ఆరాధనా స్థలమే గాక ధనాగారం కూడా.

కైసరు ఆజ్ఞ

దేనారము సంగతి వేరు. తిబెరి కైసరు దేనారము మీద అతని తల, దివ్యుడైన ఔగుస్తు కుమారుడని చెప్పే వ్రాత, వెనుక ప్రధాన యాజకుడన్న బిరుదు ఉన్నాయి. యూదయలోని త్రవ్వకాలలో ఆ కాలపు దేనారాల కంటె తూరు వెండి చాలా ఎక్కువగా దొరికింది. ప్రభువు దానిని తెమ్మని అడగవలసి రావడం గమనార్హం. అంత అరుదైన నాణెం అంత భారం కావడానికి కారణం పన్ను. క్రీ.శ. 6లో కురేనియ జరిపించిన ప్రజాసంఖ్య పన్ను కోసమే. గలిలయుడైన యూదా తిరుగుబాటు దానికి వ్యతిరేకంగానే లేచింది.

ఇక్కడ డబ్బు స్వభావం మరొక రీతిగా కనబడుతుంది. పాలకుడు ఒక నాణేన్ని పన్నుగా అంగీకరిస్తాడు. కనుక అందరికీ అది అవసరమవుతుంది. రైతు పన్ను కట్టడానికి కోతల వేళ ధర తక్కువగా ఉన్నప్పుడే ధాన్యం అమ్మాలి. చాలకపోతే అప్పు చేయాలి. విడుదల సంవత్సరం దగ్గరపడితే అప్పు పుట్టదు. ఈ చిక్కు తీర్చడానికి హిల్లేలు బాకీలను న్యాయసభకు అప్పగించి తరువాత వసూలు చేసుకొనే ఏర్పాటు చేశాడని మిష్నా చెబుతోంది. బీదలకు అప్పు పుట్టింది గాని విడుదల దూరమైంది. క్రీ.శ. 66లో తిరుగుబాటుదారులు యెరూషలేములో అప్పు పత్రాల భవనాన్ని తగులబెట్టారని యోసేపు అను చరిత్రకారుడు వ్రాశాడు. ఆ తిరుగుబాటు ప్రభుత్వం వెంటనే తన సొంత వెండి షెకెళ్లను ముద్రించింది. అప్పు పత్రాలను కాల్చడం, నాణెం కొట్టడం రెండూ ఒకే విషయాన్ని ప్రకటించాయి: ఇకమీదట ఎవరు ఎవరికి బాకీ అన్నది కైసరు నిర్ణయించడు.

రోమాలో డబ్బు కరవు

క్రీ.శ. 33లో రోమా నగరంలోనే డబ్బు కరవు వచ్చింది. వడ్డీ చట్టాలను మరల అమలుచేయబోగా అప్పులిచ్చినవారు ఒక్కసారిగా బాకీలన్నీ అడిగారు. అప్పులు తీర్చడానికి అందరూ భూములు అమ్మకానికి పెట్టగా వాటి ధరలు పడిపోయాయి. తిబెరి పది కోట్ల సెస్టెర్సులను మూడేళ్లపాటు వడ్డీ లేకుండా అప్పుగా ఇప్పించిన తరువాతే పరిస్థితి కుదుటపడిందని టాసిటస్ వ్రాశాడు. ఆ అప్పు దొరకాలంటే రెండింతల విలువగల భూమి హామీగా చూపాలి. పొలాలు పండుతూనే ఉన్నాయి. పోయినది ఒకరినొకరు నమ్మడం. డబ్బులో లోహం, ఆజ్ఞ గాక మూడవ అంశం నమ్మకమని దీనివలన తెలుస్తోంది.

తెలుగు నేలలో అదే నాణెం

ఔగుస్తు, తిబెరిల దేనారాలు మన నేలలోనూ దొరికాయి. నల్లగొండ జిల్లా అక్కనపల్లి నిధిలో అటువంటివి 1,500కు పైగా ఉన్నాయి. ఏటా ఐదు కోట్ల సెస్టెర్సులు ఇండియాకు పోతున్నాయని ప్లినీ వాపోయాడు. ఇక్కడ కైసరుకు పన్ను కట్టేవారు లేరు. శాతవాహనులు తమ సొంత నాణేలను, సీసపు నాణేలను సహా, ముద్రించుకున్నారు. మన దేశంలో దొరికిన కొన్ని రోమా నాణేల మీద కైసరు ముఖంపై గాటు పెట్టి ఉంది. యూదయలో విధేయతకు పరీక్షగా నిలిచిన ముఖం ఇక్కడ కేవలం వెండిపై ఉన్న బొమ్మ. నాణెం మారలేదు, దాని చుట్టూ ఉన్న బాధ్యతలు మారాయి.

ముగింపు

నేటి నోటులో లోహం లేదు. మిగిలినవి ఆజ్ఞ, నమ్మకం. 2016 నవంబరు 8 రాత్రి 500, 1000 రూపాయల నోట్ల చెల్లుబాటు రద్దయినప్పుడు కాగితం మారలేదు, ఆజ్ఞ మారింది. బీదవారి అప్పులు మాత్రం రద్దు కాలేదు. 2010లో సూక్ష్మ రుణాల వసూళ్లపై ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం అత్యవసర ఆజ్ఞ తేవలసి వచ్చిన సంగతి కూడా మనకు తెలుసు. వారం వారం వాయిదా కట్టిన ఆ స్త్రీలలో మన సంఘాల స్త్రీలూ ఉన్నారు.

మార్కు 12వ అధ్యాయంలో కైసరు నాణెం తరువాత మరి రెండు కాసులు కనబడతాయి. విధవరాలి కానుకకు సరిగ్గా ముందు వచనాలలో విధవరాండ్ర ఇండ్లను దిగమ్రింగే శాస్త్రులను ప్రభువు గద్దించాడు. ఆమె త్యాగాన్ని ప్రకటించే మనం ఆమె ఇల్లు ఏమైందని అడగడం అరుదు. నాణెంపై ఉన్న కైసరు స్వరూపం కైసరుకు, మనుష్యునిలో ఉన్న దేవుని స్వరూపం దేవునికి చెందునని తెర్తుల్లియను వివరించాడు. అలాగైతే అప్పులపాలైన మనిషి అప్పిచ్చినవాని సొత్తు కాడు. కానుకల పళ్లెంలో పడిన డబ్బును లెక్కించే సంఘం, అది ఏ ఇంటి నుండి, ఏ వడ్డీ మీద తెచ్చినదో కూడా తెలుసుకొనుట తన పరిచర్యలో భాగమని మా అభిప్రాయం.