పిట్ట ముట్టకపోతే తప్పు టవర్లదా?

చంద్లాపూర్ వైపు చావు జరిగిన ఇంట్లో పిట్టకు పెడతారు. ఆ పిట్ట కాకి. అది రాకపోతే పోయినవాళ్ల కోరిక తీరలేదనడం పాత మాట, సెల్ టవర్లు కాకుల్ని మింగేశాయనడం కొత్త మాట. 2023లో ‘బలగం’ సినిమా పాత మాటను మళ్లీ ఇంటింటికీ చేర్చింది. కొత్తదాన్ని చదువుకున్నవాళ్లే నమ్ముతున్నారు. నాకు రెండూ ఆనడం లేదు.

జ్యేష్ఠాదేవి ధ్వజం, శని వాహనం, పంచతంత్రంలో గుడ్లగూబలతో వైరం అందరికీ తెలిసినవే. 1890ల్లో చెత్త తింటుందని జాంజిబార్‌కు, ఆ రోజుల్లోనే పురుగుల్ని ఏరుతుందని మలయా కాఫీ తోటలకు ఊరకాకిని మనుషులే తీసుకుపోయారు. 2024లో కెన్యా పది లక్షల కాకుల్ని చంపుతామని ప్రకటించింది. మనిషి ఎంగిలి ఉన్నచోటల్లా అది బతికింది. యూరప్‌లోని రూక్ అనే కాకిలా వందల గూళ్లు ఒకే తోపులో కట్టదు. గూడు విడిగా కట్టుకుంటుంది, రాత్రి నిద్రకు మాత్రం గుంపులో చేరుతుంది.

అసలు పేచీ గత పాతికేళ్ల గురించి. టవర్ల ప్రభావం తేల్చమని 2010లో కేంద్ర పర్యావరణ శాఖ ఒక కమిటీ వేసింది. అది ప్రధానంగా అప్పటికే అచ్చయిన పరిశోధనలను సమీక్షించింది. ఆ సమీక్షను తీర్పుగా చదువుకున్నది మనమే. కాకి టవర్ మీదా గూడు కడుతుంది. పుల్లలతోపాటు సెంట్రింగ్ పనిలో పారేసిన బైండింగ్ వైరు ముక్కలనూ మెలిపెట్టి అల్లుతుంది, లోపల పీచు, వెంట్రుకలు పరుస్తుంది. కోకిల గుడ్డు పెట్టేది ఎక్కువగా ఆ గూట్లోనే. వేసవి పొద్దున కోకిల కూత వినిపించే ఊళ్లో కాకులే లేవంటే ఎలా నమ్మాలి?

నా అనుమానం కల్లం మీద. వరికోత మిషన్ వచ్చాక కల్లంలో గింజలు రాలడం తగ్గింది. ట్రాక్టర్ వచ్చి ఎడ్లు పోయాయి, చచ్చిన గొడ్డును ఊరవతల వేసే చోటూ పోయింది. ఆరుబయట అంట్లు తోమితే రాలే మెతుకులు ఇప్పుడు సింకులో పడుతున్నాయి. పురుగుమందుల పాత్రను, రోడ్ల వెడల్పులో పోయిన చింత, వేప చెట్లను తక్కువ చేయడం లేదు. కానీ టవర్లే కారణమైతే, అవి ఇంకా దట్టంగా ఉన్న పట్నాల్లో చికెన్ దుకాణాల ముందు కాకులు మూగకూడదు కదా.

2020లో చంద్లాపూర్ దగ్గర 3 టీఎంసీల రంగనాయక సాగర్ జలాశయం నిండింది. సంతోషమే. అయితే కట్ట మీదికొచ్చేవాళ్ల కెమెరాలు నీటికాకుల వైపే తిరుగుతాయి, వాళ్లు వదిలిన చిప్స్ ప్యాకెట్లు ఊరకాకికి మిగులుతాయి. 1972 వన్యప్రాణి చట్టం దాన్ని ఎలుకలతో, గబ్బిలాలతో కలిపి హానికర జీవుల జాబితాలో పెట్టింది. 2022 సవరణ ఆ జాబితానే ఎత్తేసింది. యాభై ఏళ్లు పట్టింది, అదీ కాకి కోసం జరిగిన సవరణ కాదు.